పిడికెడు బియ్యము – స్వదేశ విదేశ సేవ

మన పాఠశాల సంచికలో ఏటేటను పరీక్షా ఫలితములును, క్రీడా విజయములును, విహారయాత్రలును వర్ణింపబడుచుండును. అవి యన్నియు ఉండవలసినవే. కాని మిషను పాఠశాల యనునది ఎట్లు పుట్టినదో, ఎవరి కష్టార్జితముతో దాని పునాదిరాళ్లు పడినవో విచారించువారు అరుదు. మన కృష్ణా గుంటూరు మండలములలోని పాత మిషను పాఠశాలలకును, వైద్యశాలలకును మొదట ధనమిచ్చిన వారిలో పెక్కుమంది ఈ దేశమును ఎన్నడును చూచినవారు కారు. మంగళగిరి యెక్కడనో, గుంటూరెక్కడనో వారెరుగరు. తాము చూడని యూరికి, తాము ఎరుగని బిడ్డలకు, తాము వినని భాషలో చదువు చెప్పించుటకై వారు తమ సంచులు విప్పిరి. ఆ చదువును అనుభవించిన మనము ఇప్పుడు ఏమి చేయుచున్నాము? ఈ వ్యాసమున ఈ ప్రశ్ననే కొంత విచారింపదలచితిమి.

ఇట్లు విచారించుటకు ఒక కారణము కలదు. మేము సభ్యులమైయున్న సంఘములో ప్రతి ఆదివారపు కానుకలనుండి నూటికి పదివంతున సువార్త సేవకుల నిమిత్తము తీసి వేరుగా ఉంచుట చాలకాలమునుండి వచ్చుచున్న ఆచారము. ఆ సొమ్ము ఒడిశా కొండప్రాంతమున పనిచేయుచున్న ఒక తెలుగు కుటుంబమునకు చేరుచుండును. ఇంతలో మా ఆదివారపు బడి నడుచు గదికి పైరేకులు చిల్లులు పడి, వానకాలమున పిల్లలు తడియసాగిరి. అప్పుడు సంఘపు సర్వసభ్య సమావేశమున ఒక ప్రతిపాదన వచ్చెను: రెండేండ్లపాటు సేవకుల భాగము నిలిపివేసి, ఆ సొమ్ముతో పైకప్పు బాగుచేయించవలె నని.

ప్రతిపాదన చేసినది మగ్గము నేసి జీవించు ఒక పెద్దాయన. ఆయన లోభి కాడు. తన పండుగ కానుక ఎన్నడును తప్పించినవాడు కాడు. నేతపని యందు రాబడి తగ్గి, నూలు ధర పెరిగి, ఇల్లు గడచుట కష్టమైన ఈ దినములలో సంఘపు రూపాయి ఎక్కడ ఖర్చగునో అడుగుట ఆయన హక్కు. ఆయన లేచి, “పంతులుగారూ, ఇంట గెలిచి రచ్చ గెలువు మన్నారు పెద్దలు. మన పిల్లలు మన కండ్లయెదుటనే తడియుచుండగా, మనము చూడని కొండలకు రూపాయలు పంపుట ఏమి న్యాయము?” అనెను. సభలో సగముమంది తల లూపిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. మేము కూడ వెంటనే బదులు చెప్పలేక, చరిత్రలో ఈ ప్రశ్నకు మన పూర్వులు ఎట్లు బదులు చెప్పిరో వెదకసాగితిమి.

మొదట మనము పుచ్చుకొన్న కథ చెప్పుకొనవలెను. జర్మనీ దేశమున 1793లో పుట్టి, అమెరికాకు వలసపోయిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు అను లూథరన్ పాదిరిగారు పెన్సిల్వేనియాలోని సంఘముల పక్షమున బయలుదేరి, 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు సమీపించుచుండెను. గుంటూరు కలెక్టరుగా నుండిన హెన్రీ స్టోక్సుగారు ఆయనను ఆదరించి నిలిపిరి. అంతకు ఒక సంవత్సరము ముందు, అనగా 1841లో, ఇంగ్లండునుండి రాబర్టు నోబులుగారును హెన్రీ ఫాక్సుగారును చర్చి మిషనరీ సొసైటీవారి పక్షమున మచిలీపట్టణమునకు వచ్చిరి. నోబులుగారు 1843లో పెట్టిన పాఠశాల కృష్ణా మండలమున విద్యకు మూలమాయెను. హయ్యరుగారు రెండుమారులు స్వదేశమునకు పోయియు, రాజమహేంద్రవరపు మిషను కాపాడువారు లేక చేతులు మారబోవుచున్న దని వినిన మీదట, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున 1869లో మూడవమారు ఓడయెక్కి వచ్చిరి. ఆ వయస్సున మనలో పెక్కుమంది గుంటూరునుండి బెజవాడకు పోవుటకైనను తోడు వెదకుకొందురు.

ఈ కథ చెప్పునపుడు వచ్చినవారి పేళ్లే మనము తలంచుదుము. పంపినవారి మాటయో? అమెరికాలో లూథరన్ సంఘపు స్త్రీలు 1879లో ఒక సమాజము ఏర్పరచుకొనిరి. దానికి వారు పెట్టిన పేరు ‘స్త్రీల స్వదేశ విదేశ మిషనరీ సమాజము’. ఆ పేరును పాఠకులు జాగ్రత్తగా గమనింపగోరెదము. స్వదేశమునకు ఒక సంచి, విదేశమునకు వేరొక సంచి అని వారు విడదీయలేదు. ఒకే సమాజము, ఒకే పేరు, రెండు సేవలు. ఆ స్త్రీల ఆదరణతోనే డాక్టరు అన్నా సారా కుగ్లరు దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చి, పరదా చాటుననుండి పురుష వైద్యునికి చేయి చూపుటకైనను ఇష్టపడని మన స్త్రీలకు వైద్యము చేసిరి. ఆమె కట్టించిన స్త్రీల వైద్యశాల 1898లో తెరువబడెను. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసిరి. ఆ వైద్యశాలలో పుట్టిన బిడ్డ లెందరు! వారికి హిందువులని, మహమ్మదీయులని, క్రైస్తవులని భేదము చూపబడలేదు. ఆ ఖర్చు భరించిన దూరదేశపు స్త్రీల యిండ్లలోను కారుచున్న పైకప్పులు ఉండియే యుండును.

“పుచ్చుకొనుట సరే, మనము ఇచ్చినది ఎప్పుడు?” అని మా తరగతిలో ఒక బాలిక ఒకప్పుడు అడిగినది. మంచి ప్రశ్న. దీనికి బదులు నెల్లూరు ఒంగోలు సీమలలో దొరకును.

1876 మొదలు 1878 వరకు మన దక్షిణదేశమున దారుణమైన క్షామము వచ్చెను. అప్పుడు ఒంగోలులో బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలాది జనులకు కూలి కల్పించిరి. బియ్యము కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై క్షామకాలమంతయు ఆయన బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసిరి. క్షామము తగ్గిన తరువాత 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగవారు, భూమి లేనివారు, అక్షరము రానివారు. ఇట్టివారి సంఘము ఎన్ని తరములైనను పరుల కానుకపై బ్రదుకవలసినదే యని లోకము తలంచియుండును.

కాని ఆనాటినుండి ఇరువదియైదేండ్లు గడచిన వెంటనే, 1903లో, ఆ తెలుగు బాప్తిస్టు సంఘములు సముద్రమునకు ఆవలి యొడ్డునకు తమ మిషనరీని పంపినవి. ఆయన పేరు రెవరెండు జాన్ రంగయ్యగారు. ఆయన పోయిన దేశము దక్షిణాఫ్రికాలోని నాటాలు.

నాటాలుకు ఎందుకు? ఆ సంగతి విద్యార్థులు తెలిసికొనవలెను. అచ్చటి చెరకు తోటలలో పని చేయుటకై తెల్లదొరలు మనదేశమునుండి ఐదేండ్ల ఒడంబడికపై కూలీలను పిలిపించుకొనిరి. మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ 342 మందితో 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరినది. అదియే మొదటి ఓడ. 1911 వరకు ఇట్లు పోయినవారి సంఖ్య 1,52,184. వారిలో పెక్కుమంది మద్రాసు రేవుననే ఓడయెక్కిరి. తమిళులతో పాటు మన తెలుగువారును వేలకొలది కలరు. పేరునకు బదులు అంకె, ఇంటికి బదులు బారకాసు, పండుగకు బదులు పనిగంట. ఇది వారి బ్రదుకు. వారిలో కొందరు తెలుగు బాప్తిస్టులు. వారికి వారి భాషలో బోధించువారు గాని, బిడ్డ పుట్టిననాడు దీవించువారు గాని, మనిషి పోయిననాడు గోతియొద్ద నిలుచువారు గాని లేరు.

రంగయ్యగారు పోయి, తేయాకు తోటలు గల కియర్స్‌నీ అను చోట 1903 డిసెంబరు నెలాఖరున మొదటి తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించిరి. అచ్చటినుండి తోటతోటకును తిరిగి సంఘములు నెలకొల్పిరి. 1914లో ఆ సంఘములన్నియు ఒక సమాఖ్యగా కూడినవి. మరుసటి యేడు, 1915లో, ఆయన ఆ దేశముననే పరమపదించిరి. పండ్రెండేండ్ల సేవ. ఆయన నాటిన సంఘముల పిల్లల పిల్లలు ఇప్పుడు ఆంగ్లము మాటలాడుదురు; తెలుగు మరచినవారు పెక్కుమంది. అయినను వారి సంఘములు నేటికిని నిలిచియున్నవి.

ఇచ్చట ఒక విశేషము కలదు. రంగయ్యగారిని పంపిన సమాజము పేరు ‘తెలుగు బాప్తిస్టు స్వదేశ మిషను సంఘము’. స్వదేశ మిషను సంఘము విదేశమునకు మిషనరీని పంపుటయా! వినుటకు వింతగా ఉండును. కాని ఆలోచించి చూడుడు. నాటాలులోని కూలివాడు ఎవడు? మన నెల్లూరివాడు, మన ఒంగోలువాడు. వాడు ఉన్నచోటు పరదేశ మైనను, వాడు మన యింటివాడే. ఇల్లు ఎంతవరకు వ్యాపించునో స్వదేశమును అంతవరకే వ్యాపించునని ఆ పేదసంఘములకు తోచినది.

ఆ 1903వ సంవత్సరమే తమిళదేశమున మరియొక కార్యము జరిగినది. ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోటలో తిరునల్వేలి సంఘమువారు ‘తిరునల్వేలి ఇండియను మిషనరీ సొసైటీ’ స్థాపించిరి. తామే ధనమిచ్చి, తమ మనుష్యులనే పంపుట వారి ఉద్దేశము. వారు పంపదలచిన ‘పరదేశము’ ఏది? మన తెలుగుదేశమే! నిజాము రాజ్యములోని డోర్నకల్లు ప్రాంతము. తమిళులకు తెలుగు పరభాష. నిజాము సీమ పరరాజ్యము. ఆ సమాజమును నెలకొల్పిన వారిలో ముఖ్యులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో తామే డోర్నకల్లు సీమకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెపల్లె తిరిగిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషపు పట్టాభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. అటుతరువాత కృష్ణా మండలములోని సంఘములును ఆయన పాలనలో చేరినవి. డోర్నకల్లులో మన దేశపు శిల్పరీతిని కట్టించిన పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1వ తేదీన ఆయన డోర్నకల్లులోనే కన్నుమూసిరి.

1903వ సంవత్సరమును మనము ఈ విధముగా జ్ఞాపకముంచుకొనవచ్చును: తెలుగువారు ఆఫ్రికాకు పంపిరి; తమిళులు తెలుగువారికొరకు పంపజూచిరి. తనకు ఇంకను కొదువ యుండగా తెలుగు సంఘము ఇతరులకు ఇచ్చినది, ఇచ్చుచునే పుచ్చుకొనినది. ఇంట గెలిచిన తరువాతనే రచ్చ గెలువవలెనని కూర్చున్నచో నాటాలులో తెలుగు సంఘములు లేవు. తిరునల్వేలివారు అట్లే తలంచియున్నచో డోర్నకల్లు లేదు. పెన్సిల్వేనియావారు అట్లే తలంచియున్నచో గుంటూరు కళాశాల లేదు, కుగ్లరమ్మగారి వైద్యశాల లేదు. ఏ సంఘమునకైనను ఇల్లు పూర్తిగా గెలుచుట యనునది ఎన్నడును జరుగలేదు.

మన కృష్ణ కాలువలను చూచినను ఈ ధర్మమే బోధపడును. బెజవాడ యొద్ద ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత, సీతానగరమునుండి బయలుదేరిన పడమటి కాలువ దుగ్గిరాల మీదుగా పోయి తెనాలి సీమను సస్యశ్యామలము చేసినది. ఎగువ రైతు తన తూము పూర్తిగా తెరచి, నీరంతయు తన మడిలోనే నిలుపుకొన్నచో ఏమగును? చివరి పొలము ఎండుట నిజమే. కాని ఎగువ పొలమునకును మేలు కలుగదు. నీరు నిలిచి నేల చవుడుబారును, పైరు వేళ్లు కుళ్లును. మురుగుకాలువలేని మడి పండదని మన రైతుబిడ్డలకు ఎవరును చెప్పనక్కరలేదు. సంఘమునకు వచ్చిన కానుకయు అట్టిదే. పారిపోవు దారి లేని కానుక తనను నిలుపుకొన్న సంఘమునే చెరచును.

సమావేశపు కథ ఇంకను ముగియలేదు. ఆ పెద్దాయన మాటకు బదులు చెప్పినది మేము కాము, బోధకులు కారు. ఇండ్లలో అంట్లు తోమి బిడ్డలను పెంచిన ఒక ముసలమ్మ వెనుక చాపపైనుండి లేచి, “అన్నా, నీవు చెప్పినది అబద్ధమని నేను అనను. నా మనుమరాలు గూడ ఆ చిల్లుల క్రిందనే కూర్చుండును. కాని నా కొడుకు కువైట్టులో ఉన్నాడు. పోయిన యేడు జ్వరము వచ్చి పడియుండగా, అక్కడి తెలుగు సంఘమువారు వచ్చి గంజి కాచి పోసి, ప్రార్థన చేసిపోయినారట. వారెవరో నాకు తెలియదు. వారికి నేను ఏమియు ఇవ్వలేదు. ఇక్కడ నేను వేసిన పిడికెడు ఇంకొక తల్లి బిడ్డకు చేరుచున్న దనుకొని ఊరట పొందుచున్నాను. ఆ పిడికెడు ఆపకుడు” అని కూర్చుండెను. సభ కొంతసేపు మాటలాడలేదు. నాటాలు చెరకుతోటలు మాకు పుస్తకములలోని మాట. ఆమెకు అది తన కొడుకు బ్రదుకు. నేడు గల్ఫు దేశములలో మన తెలుగువారు నడుపుకొనుచున్న ప్రార్థనసంఘములు, పగలెల్ల పనిచేసి సెలవునాడు కూడుకొను కూలీలు, డ్రైవర్లు, ఇంటిపనివారు కలసి ఏర్పరచుకొన్నవే. వారిలో ఎందరో తిరిగి తమ పల్లెల దేవాలయములకు కానుకలు పంపుచున్నారు. పంపువాడెవడో, పుచ్చుకొనువాడెవడో నేడు విడదీయుట సాధ్యము కాదు.

ఆమె పలికిన ‘పిడికెడు’ను గూర్చి మన విద్యార్థులలో కొందరికి తెలియకపోవచ్చును. అన్నము వండునపుడు ఇల్లాలు కొలిచిన బియ్యమునుండి ఒక పిడికెడు తీసి, వేరొక కుండలో వేయును. వారము చివరను ఆ బియ్యమును దేవాలయమునకు తెచ్చి ఒకచోట పోయుదురు. దానిని అమ్మిన సొమ్ము సేవకుల పోషణకు చేరును. కోతపండుగనాడు ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు, అరటిగెలలు తెచ్చి వేలమువేయుట వేరు. అది సంవత్సరమున కొకమారు. పిడికెడు బియ్యము దినదినము జరుగు కానుక. డబ్బు లేనివారుకూడ ఇవ్వగలిగిన కానుక. ఇంటి యజమానుని జేబుతో నిమిత్తము లేక, ఇల్లాలు తన స్వంతముగా ఇవ్వగలిగిన కానుకయు ఇదియే.

దీని బలమెంతో తెలియుటకై మేము ఆరవ తరగతి లెక్కల పాఠమున త్రాసు తెప్పించి తూయించితిమి. పిల్లలు తమ తల్లులు వేయు పిడికెడును చూపగా, సగటున 50 గ్రాములు తూగినది. పూటకు ఒకటి చొప్పున దినమునకు 100 గ్రాములు. ముప్పది దినములకు 3 కిలోలు. నలుబది యిండ్లు వేసినచో నెలకు 120 కిలోలు. సంవత్సరమునకు 1,440 కిలోలు. ఈ యంకె నల్లబల్లపై వ్రాయగానే వెనుక బల్లనుండి ఒక బాలుడు, “అయ్యగారూ, అది మా ఇంటివారికి రెండేండ్ల తిండి!” అనెను. వాడు సరిగానే లెక్కవేసినాడు. వాని యింటిలో నలుగురు. ఎవరి యింటను ఒక్కపూటయైనను పస్తు లేదు. కాని ఒక కుటుంబము రెండేండ్లు తిను బియ్యము ప్రోగైనది.

ఇక ఇచ్చు విధమునుగూర్చి రెండు మాటలు చెప్పవలెను. సేవకుని పోషించుట యనగా నెలజీతము పంపుట మాత్రమే కాదు. కొండలలో పనిచేయువాడు ముందుగా వారి భాష నేర్వవలెను. అందుకు ఏండ్లు పట్టును. ఆ కాలమున చెప్పుకొనదగిన ఫలితమేమియు కనబడదు. వాని భార్యకు జబ్బుచేసిన వైద్యము కావలెను. బిడ్డలకు చదువు కావలెను. ఏడాదికొకమారైనను ఇంటికి వచ్చి తల్లిదండ్రులను చూచుకొనవలెను. వీనిని తలపక, ఇన్ని రూపాయలకు ఇందరు ఆత్మలని లెక్క యడుగు సంఘము వర్తకము చేయుచున్నదే గాని సేవ చేయుటలేదు. అట్లని లెక్క లడుగరాదనికాదు. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎక్కడ ఖర్చయినది అను జమాఖర్చు సంఘము ముందు చదువబడవలెను. సేవకుని ఉత్తరము బల్లసొరుగులో పడియుండక అందరికిని వినబడవలెను. కొరింథు సంఘమునుండి యెరూషలేము పేదలకు చందా వసూలు చేయించిన పౌలుగారు సైతము ఆ సొమ్ము ఒంటిగా తీసికొనిపోక, సంఘములు ఏర్పరచిన నమ్మకస్థులను తోడు తీసికొనిరి. అపొస్తలునికి తగిన జాగ్రత్త మనకు తగదా?

పంపువానికి ఒక గర్వము పట్టు ప్రమాదమును కలదు. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు నిలిచి, పాశ్చాత్య మిషనరీలు తమ సర్వస్వమును త్యజించి వచ్చిన మాట ఒప్పుకొనుచునే, మాకు కావలసినది స్నేహితులని నిర్భయముగా చెప్పిరి. ఒకే బల్లయొద్ద కూర్చుండి భుజింపని దాత ఎంత యిచ్చినను పరాయివాడే యని ఆయన భావము. ఆ మాట నేడు మనకును వర్తించును. తెలుగు సంఘము ఒడిశా కొండలకు పంపునపుడు, అచ్చటి గిరిజనులను తక్కువగా చూచునట్టి దొరతనము మన చేతికి అంటుకొనకుండ జాగ్రత్తపడవలెను. మా కుటుంబము వ్రాసిన ఒక ఉత్తరములో, తాము భాష నేర్చుకొనుటకు వారి పిల్లలయొద్దనే పాఠము చెప్పించుకొనుచున్నామనియు, తాము తప్పు పలికినపుడు పిల్లలు నవ్వుదురనియు ఉండెను. ఆ నవ్వు వినబడుచోట స్నేహము మొదలైనదని మేము నమ్మెదము.

ఈ సంచిక చదువువారిలో అన్యమతస్థులైన తలిదండ్రులు పెక్కుమంది కలరు. వారికి ఒక మాట మనవి చేసెదము. పానకాల స్వామివారి కొండక్రింద, గాలిగోపురపు నీడలో, అన్ని మతములవారము కలసి బ్రదుకుచున్నాము. ఇచ్చినదానికి బదులుగా మనిషిని కొనదలచుట దానము కాదు. క్షామకాలమున బాప్తిస్మములు నిలిపివేసిన క్లౌ దొరగారికి ఆ విచక్షణ యుండెను. తన విశ్వాసమును పొరుగువానికి చెప్పుట విశ్వాసి స్వేచ్ఛ. దానిని వినుటయు, వినకపోవుటయు పొరుగువాని స్వేచ్ఛ. పాఠశాలయందును, వైద్యశాలయందును చేయు సేవకు ఆ నిర్ణయముతో సంబంధముండరాదు. ఈ హద్దు చెరిగినచోట సేవ పేరు చెడును.

మా సంఘపు నిర్ణయమేమి యని పాఠకులు అడుగవచ్చును. సేవకుల భాగము తగ్గింపరాదని తీర్మానమాయెను. పైకప్పునకు వేరుగా చందాలు వ్రాయించిరి. మొదట చేయివేసినది ప్రతిపాదన చేసిన ఆ పెద్దాయనయే. రెండు ఆదివారములు ఆయన తానే నిచ్చెనయెక్కి పాతరేకులు విప్పెను. ఆయన అభిప్రాయము మారినదని మేము చెప్పజాలము. “మీరందరు అటులనుచున్నారు గనుక సరే” అని మాత్రమే ఆయన అన్నాడు. ఇప్పటికి సగము కప్పు పూర్తియైనది. మిగిలిన సగము క్రింద వాన వచ్చినపుడు పిల్లలు తమ చాపలు ఈవలికి జరుపుకొనుచున్నారు. ఇచ్చుట వలన మనకు కొదువ రాదని చెప్పుట తేలిక, కాని వచ్చును. ఆ కొదువను తెలిసి భరించుటయే కానుక. బీదవిధవరాలు వేసిన రెండు కాసులను ప్రభువు మెచ్చుకొనినది, ఆమెకు మరేమియు మిగులలేదని ఎరిగియే గదా.

ప్రియ విద్యార్థులారా! మీలో ఎవరు దూరదేశములకు పోవుదురో, ఎవరు ఇంటనే నిలిచి పంపువారగుదురో మేమెరుగము. పోవువాడు గొప్పవాడు, ఉండువాడు తక్కువవాడు అని తలంపకుడు. బావిలోనికి దిగువాడు ఒకడు, గట్టుపై త్రాడు పట్టువారు పదిమంది. త్రాడు పట్టినవాని చేతులును కమిలిపోవును. పాఠశాల విడిచి పోవునపుడు మీరు ఒక జాబితా వ్రాసికొనుడు: ఎవరెవరి కష్టముచేత మనకు ఈ చదువు అబ్బినదో. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, చూడని దేశపు స్త్రీలు, పిడికెడు బియ్యము వేసిన అవ్వలు. ఆ జాబితాలోని వారి ఋణము వారికే తీర్చుట మీకు సాధ్యము కాదు. వారిలో పెక్కుమంది గతించిరి. ముందున్న వారికి ఇచ్చుటయే ఆ ఋణము తీర్చు మార్గము. అట్లు ఇచ్చునపుడు, అది స్వదేశమా విదేశమా యని అడుగుటకు ముందు, అచ్చట ఆకలిగొన్నవాడు, ఒంటరివాడు, మాట వినగోరువాడు ఉన్నాడా యని అడుగుడు. ఉన్నయెడల అది మన యిల్లే. దేవుడు మిమ్మును దీవించి, ఇచ్చు చేతులు గలవారినిగా చేయునుగాక.